కుట్టని మూల

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం మా తమ్ముడి కూతురు కరుణ గాజువాక నుంచి కారు బుక్ చేసుకుని, రుషికొండ దారిలో ఉన్న మా అపార్టుమెంటుకి వచ్చింది. ఎనిమిదో నెల కడుపుతో అంత దూరం ఒక్కతీ వచ్చినందుకు గుమ్మంలోనే నాలుగు చివాట్లు పెట్టాను. అది నా చివాట్లు చెవిన పెట్టకుండా సోఫాలో కూలబడి, వాచిన కాళ్లు చాపుకుని, సంచిలోంచి ఒక తువ్వాలు మూట తీసింది. మూట విప్పకముందే నాకు వాసన తెలిసిపోయింది. పైన కలరా ఉండల వాసన, దాని కింద ఎక్కడో ఎండిన వేపాకు వాసన. లోపల మూరన్నర పొడవున్న చంటిపిల్లల బొంత. నీలం చీర ముక్క వెలిసి బూడిద రంగుకు వచ్చేసింది. మూడు మూలలు గట్టిగా కుట్టి ఉన్నాయి. నాలుగోది నోరు తెరుచుకుని ఉంది.

"నాన్న ట్రంకుపెట్టెలో ఉన్నాదత్తా. నువ్వే కుట్టినావంట కదా, చిన్నప్పుడు. మూడు మూలలు కుట్టి ఒకటి వదిలీసేవేటి? డెలివరీకి ముందే అది కూడా కుట్టీసి ఇయ్యి. నా బిడ్డకి మొట్టమొదట ఇదే చుడతాను. ఈసారి ఎక్కడా ఏ లోటూ ఉండకూడదు."

'ఈసారి' అంటూ కడుపు మీద చెయ్యి వేసుకుంది. పోయినసారి బిడ్డ నిలవలేదు. అప్పుడు ఫోనులో బొమ్మలు చూసి ఉయ్యాల కొంది, గదికి రంగు వేయించింది, ఇన్నేసి సాక్సులు కొంది. ఈసారి ఒక్క గుడ్డ ముక్క కూడా కొనలేదు. అలాంటి పిల్ల నోరు తెరిచి ఒకటి అడిగితే కాదనే ధైర్యం ఎవరికుంటుంది? "అలాగేలే, కుట్టేస్తాను" అనేశాను. ముప్పై ఏళ్లు బడిలో బెత్తం పట్టుకుని పిల్లల్ని హడలగొట్టిన దాన్ని, డెబ్బై ఏళ్ల వయసులో బెత్తెడు గుడ్డను చూసి భయపడ్డానంటే నవ్వుతారు. నవ్వండి. ఆ మూల ఎందుకు తెరిచి ఉందో నాకు తెలుసు.

కంచరపాలెంలో మా ఇల్లు పట్టాలకు ఎంత దగ్గరంటే, బండి వెళ్తుంటే గూట్లో గ్లాసులు గణగణలాడేవి. నాన్న రైల్వే షెడ్డులో ఫిట్టరు. ఇల్లు రెండు గదులే గానీ వెనక పెరడు ఇంటికి రెండింతలు ఉండేది. ఆ పెరడు మా మామ్మ రాజ్యం. మామ్మ అంటే నాన్నగారి తల్లి. నూతి పక్కన పారిజాతం, గోడ వారన సీతాఫలం, వంటింటి తలుపు తీస్తే చేతికందేలా కరివేపాకు, మధ్యలో వేప, ఆ మూల మునగ. ఇంజన్ల బొగ్గు మసి అన్నిటి మీదా సమానంగా పడేది. కరివేపాకు మూడు నీళ్లు కడిగితే గానీ మామ్మ పోపులో వేయనిచ్చేది కాదు. పొద్దున తెల్లగా ఉన్న మల్లెమొగ్గలు సాయంత్రానికి మసిబారి ఉంటే, "ఇంజనోడు పెట్టిన బొట్టే ఇది" అని వాటినే నా జడలో తురిమి ఆదివారం ఆరాధనకి మా చర్చి గుడికి తీసుకెళ్లేది. మా ఇంట్లో గోడకు కేలండరు ఉండేది గానీ దాని అవసరం మామ్మకు ఎప్పుడూ పడలేదు. వేప పూత రాలితే ఇది, ఆనప పాదు పందిరెక్కితే అది, సీతాఫలం కన్ను విచ్చితే ఇంకొకటి అని ఏ పనికి ఆ పని చెట్లను చూసే మొదలుపెట్టేది.

వేప పూత రాలడం మొదలయితే బొంతల కాలం. ఎండలు బాగా కాసి, ఉతికిన పాత చీరలు పెళపెళలాడేవి. వాటిని వేపచెట్టు నీడలో నేల మీద ఒకదాని మీద ఒకటి పరిచి, ముడతలు లేకుండా చేత్తో సాపు చేసి, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టేది మామ్మ. పొరల మధ్య ఎండిన వేపాకులు నాలుగు చల్లేది, పురుగు పట్టకుండా. గుడిలో కాలి మిగిలిన కొవ్వొత్తి ముక్కలు పాస్టరుగారిని అడిగి తెచ్చుకుని, దారాన్ని ఆ మైనం మీద రెండుసార్లు లాగేది. అలా లాగిన దారం చిక్కుపడదు, గుడ్డలోంచి సులువుగా జారుతుంది. అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టుకుంటూ పోయేది. నాలుగో మూల మాత్రం ఆఖరుకి మూసేది. "అన్ని మూలలూ ముందే మూసీసేవనుకో, మద్దెలో గుడ్డ ఉబ్బీసి కుప్పగా ఒచ్చీద్ది. ఒకటి తెరిసి ఉంచాల" అని నాకు నేర్పింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ వేసవిలోనే మామ్మ నా చేతికి మొదటిసారి సూది ఇచ్చింది. వేలికి గుచ్చుకుని రక్తం వస్తే ఏడవబోయాను. "నోట్లో ఎట్టుకో. ఏడిత్తే గుడ్డ మీద పడద్ది, మరక పోదు" అంది. ఓదార్చడం ఆవిడకి అలాగే వచ్చు.

ఆ వేసవిలోనే అమ్మ ఒకరోజు కరివేపాకు చెట్టు పట్టుకుని వాంతులు చేసుకుంది. మామ్మ పరుగున వెళ్లి వీపు నిమిరింది గానీ ఇద్దరి మొహాల్లోనూ సంతోషం లేదు. నా తర్వాత అమ్మకి ఇద్దరు పుట్టి నిలవలేదు. ఒకడు మొదటి స్నానం దాకా కూడా ఉండలేదు. రెండోవాడు కళ్లే తెరవలేదు. ఇంట్లో వాళ్ల ప్రస్తావన ఎవరూ తెచ్చేవారు కాదు. సమాధుల తోటకు వెళ్లినప్పుడు మాత్రం మామ్మ గోడ పక్క రెండు చిన్న రాళ్ల దగ్గర ఆగి, చెప్పులు విప్పేది. నేనూ విప్పేదాన్ని.

మిగిలిన ముక్కలు నాకిచ్చి బొమ్మకి బొంత కుట్టుకోమంది మామ్మ. అమ్మ నీలం చీర ముక్క, మామ్మ తెల్లచీర ముక్క, నాన్న ఖాకీ చొక్కా వెనక భాగం. బొమ్మకనే మొదలుపెట్టాను. కుట్టగా కుట్టగా అది బొమ్మకన్నా పెద్దదయింది. అప్పుడు నా బుర్రలో మెరిసింది, ఇది బొమ్మకెందుకు, తమ్ముడికే ఇద్దామని. ఎవరికీ చూపించకూడదు, పుట్టిన రోజున తీసి అందరూ ఆశ్చర్యపోయేలా ఇవ్వాలి. తొలకరి వాసన పెరట్లోకి వచ్చిన రోజున మునగచెట్టు వెనక కూర్చుని నాలుగో మూల మూసేశాను. దారం పళ్లతో తెంపాను. నా జన్మలో అంత గర్వం మళ్లీ రాలేదు, టీచరు ఉద్యోగం కాగితం వచ్చినప్పుడు కూడా.

ఆ గర్వం వారం రోజులు కూడా నిలవలేదు. మాకు చేపలు తెచ్చే సూరమ్మ ఒక పొద్దున గంప దించి, చెంగు కింద నుంచి ఒక చిన్న ఊలు టోపీ తీసి అమ్మకివ్వబోయింది. మామ్మ ఎక్కడి నుంచి వచ్చిందో, డేగలా వచ్చి ఆ టోపీ లాగేసింది.

"ఏటే ఇది? పుట్టనోడికి టోపీయా? నీకు బుద్దున్నాదా? పోయినసారి నా కోడలి సెల్లెలు ఇలాగే గౌనూ టోపీ ఒట్టుకొచ్చింది. ముందుగా గుడ్డ తయారయితే బిడ్డ నిలవదే! ఆ గుడ్డే నా మనవణ్ణి తినీసింది. తీసుకెల్లిపో, తీసుకెల్లిపో!"

"నాను తెలీక తెచ్చినానమ్మా. మీ దేవుడికి ఇలాటియి లేవనుకున్నాను," అంది సూరమ్మ బిక్కచచ్చిపోయి.

"దేవుడికి లేవు. నాకున్నాయి!"

నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. చేతిలో గ్లాసు ఉంది. దానిలో నీళ్లు నా పాదాల మీద పడుతున్నా నాకు తెలియలేదు. తయారైన గుడ్డ బిడ్డను తినేస్తుంది. నా గుడ్డ తయారైపోయింది. నాలుగు మూలలూ నేనే మూశాను. అప్పటి నుంచి చెట్లు ఒక్కొక్క రోజు ఎలా మారాయో నాకు ఇప్పటికీ గుర్తు. ఎందుకంటే ఆ నాలుగు నెలలూ నేను అమ్మ మొహం చూడలేక చెట్లనే చూశాను.

వానలతో పాటు మునగచెట్టుకి గొంగళిపురుగులు పట్టాయి. మాను బెరడు కనపడనంతగా, నల్లగా, గుంపులు గుంపులుగా అతుక్కుని, చెయ్యి వేస్తే ఒకేసారి కదిలేవి. ఏటా మామ్మ కర్రకి కిరసనాయిలు గుడ్డ చుట్టి వాటిని కాల్చేది. నేను దూరం నుంచి చప్పట్లు కొట్టేదాన్ని. ఆ ఏడు చప్పట్లు కొట్టలేదు. ఎందుకంటే ఆ చెట్టు వెనకే, కట్టెల కింద, బోర్లించిన పగిలిన కుండలో నా బొంత ఉంది. కాల్చేద్దామా అనుకున్నాను. బిడ్డ గుడ్డ కాలిస్తే బిడ్డకేమవుతుందో అని మానేశాను. నూతిలో పడేద్దామా అంటే అదే నీళ్లు అమ్మ తాగుతుంది. కత్తెరతో కోసేద్దామని ఒకసారి బయటికి తీశాను కూడా. సరిగ్గా అప్పుడే లోపల అమ్మ "అబ్బా" అంది. కాలు బెణికిందట, అంతే. నేను మాత్రం కత్తెర అక్కడే పారేసి బెదిరిన పిల్లిలా మంచం కిందకి దూరాను.

పందిరి మీద ఆనపకాయలు దిగాయి. మామ్మ వాటిని వేలితో తట్టి చూసేది. నేను అమ్మ కడుపుని చూసేదాన్ని. అమ్మ నన్ను పిలిచి, "తన్నుతన్నాడే, చెయ్యెట్టు" అంటే ఏదో పని ఉన్నట్టు పారిపోయేదాన్ని. నా చెయ్యి తగిలితే ఏమైనా అవుతుందేమోనని. "ఈ గుంటకి కుళ్లు" అని నవ్వేది అమ్మ. గుడిలో కళ్లు మూసుకుని, ప్రభువా నన్ను తీసుకెళ్లిపో, వాణ్ణి వదిలెయ్ అని ప్రార్థన చేసేదాన్ని. అంతలోనే నిజంగా తీసుకెళ్లిపోతాడేమోనని ఆమెన్ అనకుండా ఆపేసేదాన్ని.

సీతాఫలాలు కన్ను విచ్చుతున్న రోజుల్లో సముద్రం వైపు నుంచి గాలివాన పట్టుకుంది. రెండో రోజు మధ్యాహ్నానికే ఇంట్లో దీపం పెట్టుకునేంత మబ్బు. నాన్న షెడ్డు నుంచి రాలేదు. అమ్మ పొయ్యి ముందు నుంచి లేవబోయి గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. నొప్పులు. ఇంకా నెల పైన ఉంది. మంత్రసాని వచ్చి చూసి, మామ్మను పక్కకి పిలిచి, "ఎనిమిదో నెలమ్మా. ఏడయినా నిలుత్తారు గానీ ఎనిమిది..." అని ఆగిపోయింది. ఆవిడ తలుపు వేసుకుని లోపలికి వెళ్లింది. వంటింట్లో నేనూ, వేణ్నీళ్లు కాస్తూ మామ్మా మిగిలాం. అమ్మ అరుపు వినపడింది.

"మామ్మా, నాను సంపీసినాను."

"ఎవుల్నే?"

"తమ్ముణ్ణి. బొంత కుట్టీసినాను. మొత్తం కుట్టీసినాను. నాలుగు మూలలూ."

కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండును. మామ్మ నా మొహంలోకి చూసి, పొయ్యిలో కట్టె వెనక్కి లాగి, "ఏటి, ఎక్కడున్నాది?" అంది, అంతే. నేను వేలు చూపించాను. ఆవిడ గోనెసంచి నెత్తిన వేసుకుని వానలోకి నడిచింది. నేనూ వెనకాలే వెళ్లాను. మునగకొమ్మ విరిగి కట్టెల మీద పడి ఉంది. మామ్మ దాన్ని ఒక్క చేత్తో ఈడ్చి పారేసి, కుండ కింద చెయ్యి పెట్టి బొంత లాగింది. పొడిగానే ఉంది. దాన్ని రవికలోకి దోపుకుని, నన్ను లోపలికి నెట్టుకొచ్చి, నాన్న గడ్డం గీసుకునే బ్లేడు తీసింది. దీపం దగ్గర కూర్చుని, ఒక్కొక్క కుట్టే బ్లేడు మొనతో తెంపుతూ, "ప్రభువా, నీకిది నచ్చదు, నాకు తెలుసు, సెమించు. ప్రభువా, ఇంకొకటి తెంపుతన్నాను, సెమించు" అని గొణిగింది. మామ్మ క్షమించమని అడగడం నేనెప్పుడూ వినలేదు. నేను చేసిన దానికన్నా ఆ గొణుగుడే నన్ను ఎక్కువ భయపెట్టింది. నాలుగో మూల జానెడు మేర విప్పేసి, నా ఒళ్లో పడేసింది.

"సూడు. ఇప్పుడిది తయారవలేదు. ఇంకా కుడతన్నాం. ఎవులన్నా అడిగితే ఏటి సెప్తావు?"

"ఇంకా కుడతన్నాం."

"ఊ. ఎల్లి కాళ్లు కడుక్కో."

వాన తెరిపివ్వకముందే తమ్ముడు పుట్టాడు. పిల్లి కూనలా ఏడ్చాడు. మంత్రసాని గుడ్డ అడిగితే మామ్మ నా వైపు చూసింది. నేను తీసుకెళ్లి ఇచ్చాను. చిక్కి, ఎర్రగా, చిటికెన గోరంత ముక్కుతో వాడు అందులో మూడొంతులు కూడా నిండలేదు. వాడు నిలుస్తాడని పదహారు రోజుల దాకా ఎవరూ పైకి అనలేదు. పారిజాతాలు పూస్తున్న ఒక పొద్దున మామ్మ నూతి దగ్గర వాడికి నీళ్లు పోసి, తల తుడిచి, "బాబ్జీ" అని పిలిచింది. ఆరోజు నాకు సూది ఇచ్చి, "ఇంక కుట్టీ. నీ సేత్తోనే మూసీ" అంది. నేను దూరం జరిగిపోయాను. పూర్తయితే వాడూ పూర్తయిపోతాడేమో. ఈసారి కూడా మామ్మ తిట్టలేదు. సూది తన రవికకి గుచ్చుకుని లోపలికి వెళ్లిపోయింది.

అలా ఆ మూల ఉండిపోయింది. మామ్మ పోయింది, అమ్మా నాన్నా పోయారు, కంచరపాలెం ఇల్లు చేతులు మారింది. బాబ్జీ స్టీల్ ప్లాంటులో చేరి, మునగచెట్టు కొమ్మ నరికి తీసుకెళ్లి గాజువాకలో తన పెరట్లో పాతాడు. "నా మూల ఎప్పుడు కుడతావక్కా?" అని ప్రతి క్రిస్మస్‌కీ ఏడిపించేవాడు. "నువ్వు ముసలాడివయ్యాక" అనేదాన్ని. పోయిన క్రిస్మస్‌కి జుట్టు చూపించి, "ముసలాణ్ణి అయిపోయినానే, కుట్టవేటి?" అన్నాడు. ఈ వేసవిలో, గుండె ఆగి వెళ్లిపోయాడు. అంతా అయ్యాక నాకు మొదట వచ్చిన ఆలోచన చెప్పడానికి సిగ్గుగా ఉంది. నేను కుట్టలేదు కదా, మరి ఎందుకు పోయాడు అనుకున్నాను.

ఇప్పుడు వాడి కూతురు ఆ మూల మూసిమ్మంటోంది. మూస్తే నా భయం, మూయకపోతే దాని భయం. దాని ఫోను, బిడ్డ ఈ వారం ఎంత బరువుందో, ఏ కాయంత ఉందో కూడా చెబుతుంది. స్కానింగులో బిడ్డ బొటనవేలు చీకడం నాకూ చూపించింది. మా అమ్మ కాళ్ల వాపు తప్ప మాకు ఏ కబురూ తెలిసేది కాదు. ఇన్ని తెలిసినా ఆ పిల్ల కళ్ల కింద నలుపు మాత్రం మా అమ్మకున్నదే. నాలుగో అంతస్తులో నా పెరడల్లా బాల్కనీలో ఆరు కుండీలు. వాన ఎప్పుడు వెలిసిందో కూడా లిఫ్టు దగ్గర తడి చూస్తే గానీ తెలియదు. అక్కడే కుర్చీ వేసుకుని, రోజూ బొంత ఒళ్లో పెట్టుకుని, సూదిలో దారం ఎక్కించి, మళ్లీ తీసేసేదాన్ని. కరుణ ఫోను చేసి, "కుట్టేసేవా అత్తా?" అంటే, "ఇంకా కుడతన్నాను" అనేదాన్ని. డెబ్బై ఏళ్లకి మళ్లీ అదే మాట.

పది రోజుల క్రితం, ఇక ఏదైతే అదయిందని కొవ్వొత్తి మీద దారం లాగి కూర్చున్నాను. పొరలు సాపు చేద్దామని ఆ మూలలోంచి వేళ్లు లోపలికి పెట్టాను. ఏదో గట్టిగా తగిలింది. లాగితే నీలం గోలీ ఒకటి. తర్వాత ఐదు చింతపిక్కలు, ఒకవైపు అరగదీసినవి. చిన్నప్పుడు ఆటలో నా చేతిదాకా రానివ్వకుండా బాబ్జీ ఎక్కడ దాస్తాడా అని నేను ఇల్లంతా వెతికిన పిక్కలవి! ఇంకా లోపలికి పెడితే కాగితం గరగరమంది. మందుల షాపువాడు మాత్రలు వేసిచ్చే చిన్న కాగితం కవరు. గుండె జబ్బు బయటపడ్డాక బాబ్జీ జేబులో ఎప్పుడూ ఉండేవే ఆ కవర్లు. దాని మీద వాడి పేరు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. లోపల మునగ గింజలు. తెల్లటి రెక్కలు ఇంకా చిట్లలేదు. ఈ ఏడాది కాయలవే. అంటే వాడు పోయే ముందు కూడా, అరవై దాటిన మనిషి, ట్రంకుపెట్టె తెరిచి, ఆ మూలలో చెయ్యి పెట్టి దాచుకున్నాడన్నమాట. నేను ఇన్నేళ్లూ భయపడి తెరిచి ఉంచింది వాడికి దాచుకునే చోటు. బాల్కనీలో కూర్చుని, పక్కింటివాళ్లు తొంగి చూసేంత గట్టిగా ఏడ్చాను. గింజలు కొంగున ముడి వేసుకున్నాను. బొంత ఉతికి ఆరేశాను. సూది డబ్బాలో పెట్టేశాను.

మొన్న పొద్దున్నే కబురొచ్చింది, కరుణని ఆసుపత్రిలో చేర్చారని. ఇంకా మూడు వారాలుండగానే. నేను వెళ్లేసరికి లోపలికి తీసుకెళ్లిపోయారు. మా మరదలు బల్ల మీద కూర్చుని పెదవులు కదుపుతోంది. అల్లుడు కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడు. నేను బొంత గుండెకి హత్తుకుని గోడకి ఆనుకున్నాను. భయం పోయిందని ఎవరు చెప్పారు? తెరిచి ఉంచి తప్పు చేశానేమో, ఆ పిల్ల అడిగినట్టు మూయవలసిందేమో అని ఒక పక్క, మూయనందుకు మేలే చేశానేమో అని ఇంకో పక్క. కొంగు ముడిలో గింజలు నలుపుకుంటూ, బాబ్జీ, బాబ్జీ అనుకున్నాను. ఆమెన్ కూడా అన్నాను, ఈసారి ఆపకుండా.

తలుపు తెరుచుకుంది. లోపలి నుంచి సన్నటి ఏడుపు, పిల్లి కూనదే. నర్సు తల బయటికి పెట్టి, "ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. మెత్తటి గుడ్డ తెచ్చేరేటి?" అంది. బొంత చాపాను. ఆ అమ్మాయి అందుకుని, విదిలించి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఈ మూల కుట్టూడిపోయిందేటమ్మా?"

"ఊడలేదు తల్లీ. అది జేబు. వాళ్ల తాతది."